పెట్టె మూసే ముందు

మొదటే ఒక మాట చెప్పేస్తాను. నేను పదో తరగతి దాకా తెలుగుని సెకండ్ లాంగ్వేజ్‌గా చదివినవాడిని. ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నాను, ఎందుకు తీసుకున్నానో మీలో సగం మందికి చెప్పక్కర్లేదు. కాబట్టి వాక్యాలు అక్కడక్కడా తడబడితే మన క్లబ్ ఎడిటర్లని కాదు, నన్నే తిట్టండి. కానీ విషయం మాత్రం మన ఇళ్లలోది. అందుకే తెలుగులో రాయాలనిపించింది.

మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, రెండేళ్ల కిందటి దాకా మైండ్‌స్పేస్‌లో ఉద్యోగం చేసేది. బావకి డల్లాస్‌లో ప్రాజెక్ట్ రావడంతో ఇద్దరూ వెళ్లిపోయారు. అక్కడే బాబు పుట్టాడు. వాడి మొదటి పుట్టినరోజుకి పెద్దమ్మ మొదటిసారి అమెరికా బయల్దేరింది.

హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఈ సీన్ కొత్తేమీ కాదు. ప్రతి ఫ్లోర్‌లో ఎవరో ఒకరి అమ్మ, ఎవరో ఒకరి అత్తగారు ఎప్పుడూ పెట్టె సర్దుతూనే ఉంటారు. కొండాపూర్‌లో మా పెద్దమ్మ వాళ్ల హాల్లో కూడా రెండు సూట్‌కేసులు నోరు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కోదానికి 23 కిలోలు. ఆవకాయ ఒక పక్క, కందిపొడి ఒక పక్క, బాబుకి పట్టు పంచె ఒక పక్క. మా ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివేవాడంటే రూటర్ ఆపి ఆన్ చేసేవాడు, ప్రింట్ తీసేవాడు, లగేజీ తూకం వేసేవాడు. ఆ హోదాలో నన్ను పిలిచారు.

అప్పుడే అమ్మమ్మ రాజంపేట నుంచి తెచ్చిన మూట విప్పింది. అందులో మూడు వస్తువులు. దేవుడి దగ్గర విసిరే నెమలి ఈకల విసనకర్ర. అమ్మమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు తిరుపతిలో కొనిచ్చిన ఎర్ర చెక్క బొమ్మల జత, రాజు-రాణి. బంగారం కట్టించిన పులిగోరు, మా మామయ్యకి చిన్నప్పుడు మెళ్లో వేసింది. మూడూ మునిమనవడికే. అమ్మమ్మకి విమానం ఎక్కే ఓపిక లేదు, కాబట్టి తన తరఫున అవి వెళ్లాలి.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నేను తూకం వేశాను. మూడూ కలిపి కిలో పైన చిల్లర. "సరిపోతుంది" అన్నాను. అక్కడితో అయిపోవాల్సిన కథ.

కానీ ఎందుకో అనుమానం వచ్చి ఎయిర్‌లైన్ వాళ్లు పంపిన పీడీఎఫ్ తెరిచాను. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. లైటర్ కూడదు. ఎండు కొబ్బరి కూడదు. నెమలి ఈక గురించి ఒక్క ముక్క లేదు. వీసా పేపర్లు చూసిపెట్టిన ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, అందరూ తీసుకెళ్తారు" అన్నాడు. అతను అంత తేలిగ్గా అనడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఆ రాత్రి సెమిస్టర్ పరీక్షకి కూడా చదవనంత శ్రద్ధగా కూర్చుని చదివాను. చదివినకొద్దీ నిద్ర పోయింది.

ముందు నెమలి ఈక. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1లో ఉంది. అయితే నెమలి తోక ఈకలకి ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. ఏటా వానలు తగ్గుముఖం పట్టాక మగ నెమలి తన ఈకలు తనే రాల్చేస్తుంది కదా, అవి ఏరుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం, దేశం లోపల అమ్ముకోవడం తప్పు కాదు. అందుకే గుళ్ల ముందు, దర్గాల దగ్గర, జాతరల్లో కట్టలు కట్టి అమ్ముతారు. అదే ఈక దేశం దాటబోతే మాత్రం లెక్క మారిపోతుంది. నెమలి ఈకలు, వాటితో చేసిన వస్తువుల ఎగుమతి మన విదేశీ వాణిజ్య విధానంలో నిషేధం. దొరికితే కస్టమ్స్ చట్టం, 1962 కింద వస్తువు జప్తు, జరిమానా. కావాలనే దాటిస్తున్నారని తేలితే జైలు దాకా వెళ్లొచ్చు.

అంటే కొండాపూర్‌లో పూజ సామాను, శంషాబాద్‌లో కేసు. మధ్యలో ఉన్నది ఓఆర్ఆర్ మీద ముప్పావు గంట ప్రయాణం.

పొద్దున్నే ఈ సంగతి చెప్తే అమ్మమ్మ నా వైపు జాలిగా చూసింది. "ఏమబ్బీ, రాలిపోయిన ఈకకి గూడా పాస్‌పోర్టు కావాల్నా?"

నిజం చెప్పాలంటే కావాలి. ఎందుకో కూడా ఆ రాత్రే అర్థమైంది. రాలిన ఈకకి, నెమలిని చంపి పీకిన ఈకకి తేడా చూడగానే తెలియదు. ఈక మొదలు పరీక్షించాలి. దాన్ని కోసి అందంగా విసనకర్రలో కుట్టేశాక ఇంక పరీక్షించడానికి ఏముంటుంది? పైగా విదేశాల్లో గిరాకీ ఉంటే, రాలేదాకా ఆగే ఓపిక ఎవరికి ఉంటుంది?

తర్వాత బొమ్మలు. అవి అసలు ఏ చెక్కో నాకు తెలియదు. అమ్మమ్మనే అడిగాను. "బకెట్లో నీళ్లు పట్టకరా" అంది. రాణి బొమ్మని నీళ్లలో వదిలింది. తేలలేదు. నెమ్మదిగా అడుక్కి వెళ్లి కూర్చుంది. "చందనం చేవ నీళ్లలో మునుగుతాది. మీ అమ్మకి చిన్నప్పుడు గడ్డ లేస్తే ఈ బొమ్మనే సానరాయి మీద అరగదీసి పూసినా" అంది. చూస్తే నిజంగానే రాణి వీపు ఒక పక్క అరిగి ఉంది.

ఎర్రచందనం అంటే మన తరానికి గుర్తొచ్చేది 2021లో వచ్చిన పుష్ప. థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ముఖ్యంగా మన తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే అని, శేషాచలం, పాలకొండలు, వెలిగొండలే దాని సొంత ఊళ్లని, అది చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుందని సినిమా చూసినప్పుడు నాకు తెలియదు. 1995 నుంచి ఎర్రచందనం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది.

సైటీస్ అంటే అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం. 1973లో వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి, 1975లో అమల్లోకి వచ్చింది, మన దేశం 1976లో చేరింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు ఉన్నాయి. 40 వేలకి పైగా జాతుల మొక్కలు, జంతువులు దాని జాబితాల్లో ఉన్నాయి. మొదటి అనుబంధంలో ఉన్నవాటితో వ్యాపారం దాదాపు పూర్తిగా బంద్. రెండో దాంట్లో ఉన్నవి అనుమతి పత్రం ఉంటేనే కదలాలి. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు సైటీస్ కోసమే ఒక కొత్త అధ్యాయం చేర్చారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

అమెరికా వైపు చూస్తే అక్కడ లేసీ చట్టం అని ఒకటుంది, 1900 నాటిది. దాని ప్రకారం వేరే దేశపు వన్యప్రాణి చట్టాన్నో, అటవీ చట్టాన్నో ఉల్లంఘించి తెచ్చిన వస్తువు అమెరికాలో కూడా నేరమే అవుతుంది. అంటే శంషాబాద్‌లో ఎవరూ చూడకపోయినంత మాత్రాన డల్లాస్‌లో సేఫ్ అని కాదు. పెద్దమ్మ ఇంగ్లీష్‌లో చెప్పగలిగింది మూడు వాక్యాలు: నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చాను, ఆరు నెలలు ఉంటాను, థాంక్యూ. ఎర్రచందనం బొమ్మ కథ ఆ మూడిట్లో ఎక్కడా పట్టదు.

ఇక పులిగోరు. ఇది అన్నిటికంటే భయపెట్టింది. పులి షెడ్యూల్ 1. దాని గోరు, చర్మం, పన్ను ఏది దగ్గరున్నా నేరమే, సరిహద్దు దాటక్కర్లేదు, బీరువాలో ఉన్నా చాలు. శిక్ష కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, 25 వేలకి తక్కువ కాని జరిమానా. 2023 అక్టోబరులో కన్నడ బిగ్‌బాస్‌లో ఉన్న ఒక పోటీదారుడిని మెళ్లో పులిగోరు లాకెట్ ఉందని అటవీ శాఖ వాళ్లు హౌస్ నుంచే అరెస్ట్ చేశారు. ఆ వార్త చూసి నేను నవ్వుకున్నట్టు గుర్తు.

హాల్లో ఇదంతా చదివి వినిపిస్తే ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఫ్యాన్ వైపు చూసింది. పెద్దమ్మ పులిగోరుని అరచేతిలోంచి మెల్లగా టీపాయ్ మీద పెట్టేసింది, అది కాలినట్టు.

అమ్మమ్మ ఒక్కతే కదల్లేదు. "ఎందుకు అంత బెదురుతారు? అది పులిది కాదులే. కొమ్ముతో చేసింది. మీ తాత తెలిసే కొన్యాడు. నిజమైన పులిగోరు కొనే దుడ్లు మాకు యాడివి? ఊర్లో అందరి పిల్లోళ్లకి ఉండాది, మన పిల్లోడికి లేకుంటే బాగుండదని."

అందరం నవ్వాం. యాభై ఏళ్ల రహస్యం అలా బయటపడింది. మామయ్యకి వీడియో కాల్ చేసి చెప్పాం, ఆయన మొహం చూడాల్సింది.

నవ్వు అయిపోయాక నాకు ఇంకో ప్రశ్న మొదలైంది. అది కొమ్ము అని అమ్మమ్మకి తెలుసు. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్‌కి ఎలా తెలుస్తుంది? పెద్దమ్మ "మా అమ్మ చెప్పింది" అంటే సరిపోతుందా? నిజంగా తేల్చాలంటే ల్యాబ్‌కి పంపాలి. ఆ ల్యాబ్ మన ఊళ్లోనే ఉంది. సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, అత్తాపూర్ దగ్గర, మెహదీపట్నం నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే. గోరు ముక్క, వెంట్రుక, మాంసం ముక్క ఏది ఇచ్చినా డీఎన్ఏ చూసి ఏ జంతువుదో చెప్పగలరు. దేశం నలుమూలల నుంచి కేసుల శాంపిల్స్ అక్కడికి వస్తాయి. మన కాలేజీ బస్సులు ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్లాయో, ఒక్కసారి కూడా ఆ బిల్డింగ్ ఏంటని అడగలేదు. సరే, ల్యాబ్ రిపోర్ట్ వచ్చి అది కొమ్మే అని తేలేసరికి పెద్దమ్మ ఫ్లైట్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, బాబు పుట్టినరోజు కూడా.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది ఏంటి? ఈ చట్టాలు అన్యాయం, అమ్మమ్మల్ని వేధిస్తున్నాయి అనా? కాదు. మొదటి రోజు నాకూ అలాగే అనిపించింది. "ఒక్క విసనకర్ర వల్ల ఏ అడవి నాశనమైపోతుంది?" అని. ఆ ప్రశ్నకి జవాబు లెక్కల్లో ఉంది. ఒక పులికి 18 గోళ్లు ఉంటాయి. ముందు కాళ్లకి అయిదేసి, వెనక కాళ్లకి నాలుగేసి. జత గోళ్లతో ఒక పతకం చేస్తే ఒక పులి తొమ్మిది మంది పిల్లలకి సరిపోతుంది. 2022 లెక్కల ప్రకారం దేశం మొత్తంలో ఉన్న పులులు సుమారు 3,682. అమ్మమ్మ వాళ్ల ఊళ్లో 'అందరి పిల్లలకి' ఉన్నాయంటే అందులో ఎక్కువ కొమ్ములే అయి ఉండాలి, లేకపోతే నల్లమలలో ఈపాటికి ఒక్కటి కూడా మిగిలేది కాదు. కానీ కొమ్ముది వేసుకున్నా నిజమైనదాని మీద మోజు పెరుగుతుంది కదా.

ఎర్రచందనం అయితే లెక్క ఇంకా దగ్గరది. 2015 ఏప్రిల్ 7న తిరుపతి దగ్గర శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. చెట్లు కొట్టడానికి వచ్చిన తమిళనాడు కూలీలని చెప్పారు. పోలీసులు ఆత్మరక్షణ అన్నారు, హక్కుల సంఘాలు బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ కొండలు మా అమ్మమ్మ వాళ్ల మిద్దె మీదికెక్కితే కనిపిస్తాయి. ఎండాకాలం సెలవులకి వెళ్లి ఆ మిద్దె మీదే పడుకునేవాళ్లం. దుంగ విలువ ఎక్కడో విదేశంలో, ఎవరి ఇంట్లోనో నిర్ణయమవుతుంది. దాన్ని మోసినవాడు మాత్రం ఇక్కడే చచ్చిపోతాడు. ఇది తెలిశాక "చిన్న బొమ్మే కదా" అని తేలిగ్గా అనలేకపోయాను. మా అమ్మమ్మ బొమ్మ ఆ రోజుల కంటే ఎంతో ముందుది, దానికీ ఆ చావులకీ సంబంధం లేదు, నిజమే. కానీ ఎక్స్-రే మెషీన్లో పాత బొమ్మ, కొత్త బొమ్మ ఒకేలా కనిపిస్తాయి. ప్రతివాడూ "ఇది మా అమ్మమ్మది" అనొచ్చు. అందుకే చట్టం వస్తువుని చూస్తుంది, కథని వినదు. వినడం మొదలుపెడితే రేపటినుంచి ప్రతి స్మగ్లర్‌కీ ఒక అమ్మమ్మ పుట్టుకొస్తుంది.

కాబట్టి నిషేధం ఉండాలి. శిక్ష ఉండాలి. నా గొడవ అంతా అది మనకి ఎప్పుడు తెలుస్తుంది అన్నదాని గురించి.

మన భాషలో చెప్తాను. ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే కంపైలర్ ముందే చెప్తుంది, ఫలానా లైన్‌లో ఫలానా తప్పు అని. మనం తిట్టుకుంటూ దిద్దుకుంటాం. అదే తప్పు డెమో రోజు, ప్యానెల్ ముందు, ప్రోగ్రామ్ నడుస్తుండగా బయటపడితే? అదే తప్పు, కానీ నష్టం వంద రెట్లు. ఈ చట్టాలు మనకి రెండో రకంగానే పరిచయమవుతున్నాయి. టికెట్ కొన్నప్పుడు చెప్పరు. వీసా ఇచ్చినప్పుడు చెప్పరు. పవర్ బ్యాంక్ గురించి నాలుగు సార్లు మెసేజ్ పంపేవాళ్లు నెమలి ఈక గురించి ఒక్కసారి కూడా పంపరు. పెట్టె మూసి, తాళం వేసి, చుట్టూ ప్లాస్టిక్ చుట్టించి, అందరికీ టాటా చెప్పి లోపలికెళ్లాక, అప్పుడు తెలుస్తుంది. అదీ తెలుగులో కాదు.

ఇంకోటి కూడా నన్ను బాధపెట్టింది, చెప్పకుండా ఉండలేను. 2025 మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో కంచ గచ్చిబౌలిలో ఏం జరిగిందో మనందరం చూశాం. ఐటీ పార్కు కోసమని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. రాత్రిపూట నెమళ్లు అరుస్తున్న వీడియోలు మన ప్రతి గ్రూపులోనూ తిరిగాయి. యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ నేల ఎవరిది, ఏం చేయాలి అనే వాదన వేరు, దాని జోలికి నేను వెళ్లను. కానీ ఒకటి ఆలోచించండి. నెమలి రాల్చిన ఈకని పెట్టెలో పెట్టుకున్న ముసలావిడకి చట్టం వెంటనే వర్తిస్తుంది. నెమలి ఉండే చోటుని చదును చేస్తే మాత్రం దేశంలోని అతి పెద్ద కోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. ఈకని పట్టుకోవడం తేలిక, ఎక్స్-రేలో కనిపిస్తుంది. చట్టం తేలికగా దొరికేవాళ్ల మీదే పదును చూపిస్తే జనానికి దాని మీద గౌరవం కాదు, భయం మాత్రమే పెరుగుతుంది. భయపడినవాడు నిజం చెప్పడు, దాచుకుంటాడు.

ఈ దాచుకోవడం గురించే ఇంకో మాట. మా పులిగోరు కొమ్ముదని తేలింది, బతికిపోయాం. నిజమైనదే ఉన్న ఇల్లు ఏం చేయాలి? తాతల నాటి జింక కొమ్ములు గోడకి ఉన్న ఇళ్లు మన ఊళ్లలో లేవా? 1972లో చట్టం వచ్చినప్పుడు ఉన్నవి చెప్పుకోవడానికి 30 రోజులు గడువిచ్చారు. 2003లో మళ్లీ 180 రోజులు ఇచ్చారు. 2003కి నేను పుట్టనేలేదు. 2022 సవరణలో వస్తువుని అటవీ శాఖకి తిరిగి ఇచ్చేసే వీలు పెట్టారు, కానీ అది యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి. సర్టిఫికెట్ ఉన్నవాడికి భయమెందుకు? భయమున్నది లేనివాడికి. వాడికి మిగిలే దారులు రెండు, బీరువా అడుగున దాచడం లేదా రాత్రిపూట హుస్సేన్ సాగర్‌లో పడేయడం. చిన్న నేరాలైతే జరిమానా కట్టించుకుని ముగించే వీలు చట్టంలో ఉంది, కనీస జైలు శిక్ష ఉన్న నేరాలకి అదీ లేదు.

మా రూమ్మేట్ దీనికి అడ్డం తిరిగాడు. "నువ్వు చెప్పినట్టు దారి తెరిస్తే స్మగ్లర్లే ముందు దూరతారు. చట్టం తెలియదు అనడం సాకు కాదు" అన్నాడు. వాడి మాటలో నిజముంది. కానీ మొత్తం వదిలేయమని నేను అనట్లేదు, తేడా చూడమంటున్నాను. ఆ తేడా సైటీస్‌ కూడా ఎప్పుడో ఒప్పుకుంది. ప్రయాణికుడు సొంతానికి తీసుకెళ్లే కొన్ని వస్తువులకి అది పరిమితులు పెట్టింది, కేవియర్ 125 గ్రాములు, క్వీన్ కాంక్ శంఖాలు మూడు, చనిపోయిన సముద్రపు గుర్రాలు నాలుగు, ఇలా. అంతకంటే కఠినంగా ఉండే హక్కు ఏ దేశానికైనా ఉంది, మన దేశం కఠినంగానే ఉంది, ఉండనీ. కానీ ఎంత తెచ్చాడు, దాచాడా లేక అడగ్గానే చూపించాడా, ఇదే మొదటిసారా, అమ్మడానికా అనే నాలుగు ప్రశ్నలు వేస్తే అమ్మమ్మ ఎవరో, స్మగ్లర్ ఎవరో చాలావరకు తేలిపోతుంది. సాక్సుల్లో నక్షత్ర తాబేళ్లు కుక్కి బ్యాంకాక్ ఫ్లైట్ ఎక్కేవాడు "నాకు తెలియదు" అంటే ఎవరు నమ్ముతారు?

అందుకే నేను అడిగేవి మూడే.

ఒకటి, పెట్టె మూసే ముందే చెప్పండి. టికెట్‌తో పాటు వచ్చే మెసేజ్‌లో, చెక్-ఇన్ కౌంటర్ ముందు బోర్డు మీద, తెలుగులో, బొమ్మలతో. నెమలి ఈక, పులిగోరు, ఎర్రచందనం, పగడపు దిబ్బల ముక్కలు, కొన్ని రకాల సముద్రపు గవ్వలు, శంఖాలు. చదవడం రాని మనిషికి కూడా బొమ్మ చూస్తే అర్థమవ్వాలి.

రెండు, కౌంటర్‌కి ముందు ఒక డబ్బా పెట్టండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఎయిర్‌పోర్టుల్లో పళ్లు, విత్తనాల లాంటివాటికి అలాంటి డబ్బాలు ఉంటాయి. తనిఖీకి ముందే అందులో వేసేస్తే అడిగేవాడు ఉండడు, దాటాక దొరికితే జరిమానా. మనకీ అలాంటిదే కావాలి. ఇళ్లలో ఉన్నవాటికి కూడా, సర్టిఫికెట్ లేకపోయినా సరే, ఒక గడువు పెట్టి తిరిగి తీసుకోండి. విదేశీ జంతువులని పెంచుకునేవాళ్లకి 2020లో కేంద్రం సరిగ్గా ఇలాంటి అవకాశమే ఇచ్చింది, ఆరు నెలల్లో తమంతట తాము చెప్తే కాగితాలు అడగం అని. ఖరీదైన చిలకలు, ఇగువానాలు పెంచుకునేవాళ్లకి ఇచ్చిన వెసులుబాటు రాజంపేట ముసలావిడకి ఎందుకు ఇవ్వకూడదు?

మూడు, ఆ తర్వాత కూడా దాటించేవాడి మీద చట్టం పూర్తి బరువుతో పడనివ్వండి. అప్పుడు "తెలియదు" అనే మాటకి ఎవరి దగ్గరా చోటుండదు.

మన వంతు కూడా ఉంది. ప్రతిదానికీ యాప్ కట్టేద్దామనే జబ్బు మన బ్రాంచ్‌కి ఉందని తెలుసు. అయినా అడుగుతున్నాను, వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి ఇంకో అటెండెన్స్ సిస్టమ్ చేసే బదులు, వస్తువు పేరు తెలుగులో చెప్తే అది దేశం దాటొచ్చో లేదో తెలుగులోనే జవాబిచ్చే చిన్న పేజీ ఒకటి చేద్దామా? మన క్లబ్‌లో మాటలు వచ్చినవాళ్లు ఉన్నారు, మా క్లాసులో కోడ్ వచ్చినవాళ్లు ఉన్నారు. నేను జాబితా తయారుచేయడం మొదలుపెట్టాను. ఆసక్తి ఉన్నవాళ్లు క్లబ్ మీటింగ్‌లో నన్ను పట్టుకోండి.

చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం అమ్మమ్మని, పెద్దమ్మని శిల్పారామం తీసుకెళ్లాను. కొండపల్లి అంబారీ ఏనుగు ఒకటి, ఏటికొప్పాక లక్క బొమ్మల జత ఒకటి కొన్నాం. కొండపల్లివి తెల్ల పొణికి చెక్కతో, ఏటికొప్పాకవి అంకుడు చెక్కతో చేస్తారు, రెండిటికీ ఈ గొడవ లేదు. అమ్మమ్మ ఏనుగుని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "బరువే లేదు, దూది మాదిరి ఉండాది" అని పెదవి విరిచింది. అయినా తనే బేరమాడింది.

మునిగిన రాణిని తుడిచి, రాజు పక్కన పెట్టి, రెండిటినీ అదే మూటలో కట్టి అమ్మమ్మ రాజంపేట తీసుకెళ్లిపోయింది. బస్సెక్కేటప్పుడు అడిగాను, బాధగా ఉందా అని.

"బాధేముంది? బొమ్మలు పోలేకపోతే ఏం, పిల్లోడే వస్తాడు. వాడికి పాస్‌పోర్టు ఉండాది కదా" అంది.